కుట్టు టీచరుగారి రవికలు

పోయిన సోమవారం పొద్దున్న నందిగామ బస్సు కండక్టరు మా కొట్టు ముందు ఆగి, "కుట్టు టీచరమ్మగారు పోయారంటండి, మీకు కబురు చెప్పమన్నారు" అన్నాడు. బల్లమీద ఎవరిదో పట్టు గుడ్డ పరిచి సుద్దతో గీతలు గీస్తున్నాను. కత్తెర పక్కన పెట్టి, తలుపులు మూసి, తిరుగు బస్సులోనే బయల్దేరాను. జగ్గయ్యపేటలో ఆడమనిషి సొంతంగా నడిపే కుట్టు కొట్టు ఒకటి ఉందంటే అది ఆవిడ చలవే. దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాను.

ఆవిడ తొడుక్కునేటంత అధ్వానపు రవికలు నందిగామ మొత్తం మీద ఇంకెవరికీ ఉండేవి కావు. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. ఒకదానికి మెడ పక్కకు లాగేది, ఇంకోదానికి భుజం ఎగదన్నేది. పని నేర్చుకుందామని వచ్చినవాళ్ళు ఆ రవిక చూసి, ఈవిడేం నేర్పుతుందిలెమ్మని వెనక్కి తిరిగిన సందర్భాలూ ఉన్నాయి. ఆవిడ పట్టించుకునేవారు కాదు. సుద్దముక్క కొప్పులో దోపుకుని పని చేసుకునేవారు. సాయంత్రానికి జుట్టు సగం తెల్లబడేది.

బజారులో మేస్త్రీల దగ్గర చేరితే ఏళ్ళతరబడి కాజాలూ గుండీలే. కత్తెర మాత్రం ముట్టనివ్వరు. టీచరుగారి పద్ధతి వేరు. క్రిస్మసుకి ఏడాదికొక్కసారి కొనుక్కునే కొత్త గుడ్డని, ఆ యేడు పని నేర్చుకుని వెళ్ళబోయే పిల్ల చేతికిచ్చి కత్తిరించమనేవారు. "కుట్టు తప్పితే విప్పుకోవచ్చు, కోత తప్పితే విప్పలేం. అందుకే కొయ్యడానికి జంకేవాళ్ళు జన్మంతా ఒకరి కిందే కుడతారు" అనేవారు.

ఇప్పటికి పాతికేళ్ళ కిందట, పందొమ్మిది వందల యాభైల చివర్లో, నా వంతు వచ్చింది. మా అమ్మ మిరపచేలల్లో కలుపు తీసి నన్ను టీచరుగారి దగ్గరికి పంపించింది. జగ్గయ్యపేటలో ఒక బట్టల కొట్టాయన, తన అరుగుమీద కూర్చుని కుట్టమని అడిగి ఉన్నాడు. ఒకరి అరుగుమీదైతే మాట పడేది ఆయన, సొంతంగా పెడితే మాట పడేది మనం అని మా అమ్మ భయం. నాదీ అదే భయం. ఇంకో పదేళ్ళు మీ దగ్గరే కుట్టుకుంటానని టీచరుగారిని బతిమాలాను కూడా. ఆవిడ నీలం పూల గుడ్డ నా ముందు పరిచారు.

రవిక చేతులు కత్తిరించేటప్పుడు గుడ్డ రెండు పొరలూ ఎదురెదురుగా పెట్టాలి. నేను కంగారులో రెండింటికీ పూలు పైకే పెట్టి కోశాను. తీరా చూస్తే రెండూ ఎడమ చేతులే. ఇంక గుడ్డ మిగల్లేదు. ఆవిడ పీలికలు వెతికి, కుడి చేతికి వెనక చాలనిచోట మూడు వేళ్ళ అతుకు వేయించారు. క్రిస్మసునాడు ఆ రవికే తొడుక్కుని, కావాలని చర్చి గుడిలో ముందు వరుసలో కూర్చున్నారు. వెనకున్న ఆడవాళ్ళందరి కళ్ళూ ఆ అతుకు మీదే. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది.

బయటికి రాగానే ఒకావిడ, ఇది కోసిందెవరని అడగనే అడిగింది. టీచరుగారు నన్ను ముందుకు లాగి, "మా పిల్లే కోసింది. వచ్చే నెల్లో జగ్గయ్యపేటలో సొంత కొట్టు పెడుతోంది" అన్నారు. ఆ సంగతి అప్పటిదాకా నాకే తెలియదు.

ఇంటికి నడుస్తూ అన్నారు: "నువ్వు దేనికి భయపడ్డావో అది ఊరందరి ముందూ అయిపోయింది. చూసావుగా, అంతా పలావు తినడానికి పోయారు. ఇంక భయపడ్డానికేం మిగిలిందే?"

కొట్టు పెట్టాను. మొదట గుడ్డ తెచ్చింది ఆ అడిగినావిడే. పండక్కి నందిగామ వచ్చిన జగ్గయ్యపేట మనిషట. అతుకు లేకుండా కుట్టమని మేలమాడింది గానీ, గుడ్డ మాత్రం నా చేతికే ఇచ్చింది. టీచరుగారికి నేనెంత రుణపడ్డానో ఆ పూట తెలిసింది.

సోమవారం సాయంత్రం టీచరుగారిని మట్టి చేసి వచ్చాక, ఆవిడ మిషను పక్కన ఒక పిల్ల ఒళ్ళో గులాబీరంగు గుడ్డ పెట్టుకుని కూర్చుని ఉంది. ఈ యేటి క్రిస్మసు గుడ్డ. "దీన్ని కొయ్యమని నిన్ననే నాకు చెప్పారండి. ఇప్పుడెవరి కొలతలకి కొయ్యనండీ?" అంది.

"నా కొలతలకి కొయ్యి" అన్నాను.

"పాడైతేనండీ?"

"నేనే తొడుక్కుంటా."

ఇది రాస్తున్నప్పుడు నా ఒంటిమీద ఉన్నది ఆ రవికే. కుడి చెయ్యి అంగుళం పొట్టి. పొద్దుటినుంచి ముగ్గురు అడిగారు, ఎవరు కోశారని. నందిగామలో ఒకమ్మాయి కోసిందనీ, వచ్చే నెల్లో సొంత కొట్టు పెడుతోందనీ చెప్పాను. ఆ పిల్లకి ఈ సంగతి ఇంకా తెలియదు.