పందులు దాటని గట్టు

మైదుకూరు బస్సులో నా చేతిలోని విద్యుత్తు పుస్తకం చూసి పక్క సీటు రైతు అడిగాడు. "మనిషిని చంపే కరెంటుకు పవరెంతప్పా?"

గ్రంథాలయంలో సొంతంగా నేర్చుకున్నవాణ్ణి కదా, హుషారుగా లెక్క కట్టాను. "230 వోల్టులు, ఒంట్లో పావు ఆంపియరు పారిందనుకుందాం. భాగిస్తే నిరోధం 920 ఓములు. గుణిస్తే పవరు యాభై ఏడున్నర వాట్లు. అరవై వాట్ల బల్బంత కూడా కాదు."

"అంతేనా! పందులు రాకుండా శెనక్కాయల చేని గట్టుకు కరెంటు తీగ కట్టినా. మా తమ్ముడు అది తగిలే పాయె."

పుస్తకం మూసేశాను.

"తీగ పీకేసి ఏడాదాయె. పందులు ఇప్పటికీ ఆ గట్టు దాటవు. ఆడ కరెంటు ఇంకా ఉండాదా?"

"ఉండదు. వోల్టేజి సున్నా అయితే పవరూ సున్నానే."

"అయితే మా తమ్ముడే కాపలా కాస్తాండాడు. ఇంకోసారి లెక్క చూడప్పా," అని నా చేయి గట్టిగా పట్టుకున్నాడు.

మళ్లీ చేశాను. సున్నానే వచ్చింది.