విజిటర్స్ బుక్

వర్జీనియా కొండల దగ్గర ఆ పాత ఊళ్లో చూడవలసినవన్నీ ఒక చిన్న టూర్ బస్సు తిప్పి చూపిస్తుంది. కోర్టు భవనం, యుద్ధకాలం నాటి ఆసుపత్రి, ఇటుకల గోడల పిండి మిల్లు. ఆ రోజు నా పక్క సీట్లో డెబ్బై దాటిన ఒక తెలుగావిడ కూర్చున్నారు. నేత చీర, స్నీకర్స్, ఒళ్లో బెండకాయల సంచి.

గైడ్ విజిటర్స్ బుక్‌లో అందరి చేతా పేరూ ఊరూ రాయిస్తోంది. నేను అలవాటుగా ఊరి పేరు దగ్గర ‘ఇండియా’ అని రాసి ఆవిడకిచ్చాను. ఆవిడ పెన్నుకి మూత పెట్టి, పుస్తకం మూసి, గైడ్‌కి తిరిగి ఇచ్చేశారు.

“రాయండి మేడమ్, చాలా దూరం నుంచి వచ్చుంటారు,” అంది గైడ్.

“మిల్లు వెనక వీధి నుంచి వచ్చాను. ఇది విజిటర్స్ రాసే పుస్తకం,” అని ఇంగ్లిష్‌లో చెప్పి ఆవిడ నా వైపు తిరిగారు. “ముప్పై ఆరేళ్లు ఈ ఊళ్లో డాక్టర్‌గా చేశానమ్మా. డ్రైవింగ్ మానేశాక కూరగాయలకి ఈ బస్సే. కొత్త గైడ్ వచ్చినప్పుడల్లా ఈ పుస్తకం నా ముందు పెడతారు. నేను రాయను. నువ్వెక్కడుంటావు?”

“ఈ వర్జీనియాలోనే, హెర్న్‌డన్‌లో అండీ. పద్దెనిమిదేళ్లయింది.”

“మరి అది రాయలేదేం?”

 మిల్లు దగ్గర ఆవిడ సంచి తీసుకుని దిగిపోయారు. పేరైనా అడగలేదు నేను.

ఇప్పుడు ఏ ఊరు చూడ్డానికి వెళ్లినా హెర్న్‌డన్ అనే రాస్తున్నాను. “అది కాదు, అసలెక్కడి నుంచి?” అని ఎవరైనా అడిగితే, పెన్నుకి మూత పెట్టి వాళ్లకిచ్చేస్తాను.