షోల్డర్ మీద పదకొండు నిమిషాలు

కారు అద్దం మీద గడ్డకట్టిన మంచును స్క్రేపర్‌తో గీకుతుంటే వచ్చే శబ్దం ఒకటుంది. మాడిన అన్నం గిన్నెను అట్లకాడతో గీకినట్టు ఉంటుంది. కెనడాలో, మిస్సిసాగాలో మా టౌన్‌హౌస్‌ల వరసలో చలికాలం పొద్దున ఏడింటికల్లా పది ఇళ్ళ ముందు ఆ శబ్దం ఒకేసారి మొదలవుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళకు వీధి వీధంతా అన్నం మాడ్చుకుందేమో అనిపిస్తుంది. నాకు మాత్రం సుగుణ ఆంటీ గుర్తొస్తారు. ఇలా మొదలుపెట్టగానే ఆవిడ కాలం చేశారనుకుని మీరు నిట్టూర్చడానికి సిద్ధపడతారని తెలుసు. అక్కర్లేదు. ఆవిడ నిక్షేపంగా ఉన్నారు. డెబ్బై దాటాక కళ్ళ డాక్టరు ఇక డ్రైవింగ్ వద్దన్నాడని అలిగి, హాలిఫాక్స్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. అక్కడ పక్క సీట్లో కూర్చుని, బ్రేకు లేనిచోట కాలు నొక్కుతున్నారని వినికిడి.

నేను సార్నియాలో చదువుకోవడానికి వెళ్ళిన ఏడాది ఆ ఊరి కాలేజీలో ఎటు చూసినా మనవాళ్ళే. విమానం దిగినవాళ్ళు దిగినట్టే అద్దెకు బేస్‌మెంట్లు వెతుక్కునేవాళ్ళు. ఆ ఊళ్ళో పెట్రోలు శుద్ధిచేసే ప్లాంట్ల పొగగొట్టాల కంటే ఎత్తైనవి లేవు, సిటీ బస్సుల కంటే అరుదైనవి లేవు. అందుకని మా బేస్‌మెంట్‌లో ఉన్న నలుగురం కలిసి ఒక పాత కారు కొన్నాం. నవంబరులో మొదటి మంచు పడిన పొద్దున కారు అద్దం తెల్లగా బిగుసుకుపోయి ఉంది. నేను కెటిల్ నిండా వేడినీళ్ళు తెచ్చి దాని మీద పోశాను. గుంటూరులో పెరిగిన బుర్రకు ఇంతకంటే తెలివైన ఉపాయం తట్టదు. టప్‌మని చప్పుడైంది. అద్దం మీద ఈ చివర నుంచి ఆ చివరకు గీత పాకింది. నేను ఒక మాట అన్నాను. ఆ మాట ఇక్కడ రాయను.

పక్కింటి వాకిట్లో పారతో మంచు ఎత్తిపోస్తున్న పెద్దావిడ తల తిప్పారు. తల మీద ఉన్ని టోపీ, మోకాళ్ళ దాకా బూట్లు, స్కూలు బస్సు డ్రైవర్లు వేసుకునే పసుపు జాకెట్టు.

“కారుకి కాఫీ పోస్తున్నావా నాయనా?” అన్నారు, తెలుగులో.

కెటిల్ కింద పెట్టాను. “మీరు... తెలుగాండీ?”

“బాపట్ల. నువ్వన్న మాట విని ముప్ఫై ఏళ్ళయింది. మా వీధి చివర రిక్షా వాళ్ళు అనుకునేవాళ్ళు.” పారను మంచులో గుచ్చారు. “మళ్ళీ అనకు. కానీ వింటే ప్రాణం లేచొచ్చింది.”

అలా పరిచయమయ్యారు. భర్త ప్లాంటులో ఇంజనీరుగా చేసి, రిటైరైన రెండేళ్ళకే పోయారట. ఆవిడ మాత్రం అప్పటికే ఇరవై ఏళ్ళకు పైగా స్కూలు బస్సు నడుపుతున్నారు. ఆదివారం చర్చిలో పాటలు పాడేవాళ్ళు. బడి ఉన్న ఐదు రోజులూ పిల్లల మీద అరిచేవాళ్ళు. రెండూ ఒకే శ్రుతిలో ఉండేవి.

మా నలుగురికీ డ్రైవింగ్ నేర్పే బాధ్యత ఆవిడే నెత్తిన వేసుకున్నారు. మేం అడగలేదు. మమ్మల్ని చూసి భయపడ్డారని నా అనుమానం. చర్చి అయిపోయాక ఖాళీ పార్కింగ్ స్థలంలో, ఆదివారం మధ్యాహ్నాలు పాఠం. మొదటి పాఠం కారు నడపడం కాదు, కారు జారడం. గాజులా మెరుస్తున్న ఐసు మీదికి తీసుకెళ్ళి, బ్రేకు గట్టిగా తొక్కమన్నారు. తొక్కాను. కారు నా అభిప్రాయంతో సంబంధం లేకుండా దీపస్తంభం వైపు ప్రయాణం కట్టింది.

“కాలు తియ్! బ్రేకు మీంచి కాలు తియ్! ఆ స్తంభాన్ని చూస్తావేం, అదేమన్నా నీ మేనత్త కూతురా?”

“గుద్దుతానేమోనని ఆంటీ!”

“చూస్తే గుద్దుతావ్. ఎటు పోతున్నావో చూడకు, ఎటు పోవాలో అటు చూడు.”

ఇది జీవితసత్యంలా వినిపిస్తుందని నాకూ తెలుసు. ఆవిడ మాత్రం దీపస్తంభం గురించే చెప్పారు. ఆవిడకు తత్వాలతో పనిలేదు. కారు పైకప్పు మీద మంచు తుడవకుండా బయల్దేరితే, వెనకొచ్చేవాడి అద్దం మీద పడుతుందని తిట్టేవాళ్ళు. డిక్కీలో ఎప్పుడూ ఒక చిన్న పార, దుప్పటి, డబ్బాడు చెగోడీలు, పెంపుడు పిల్లుల పాయిఖానా పెట్టెలో పోసే మట్టి బస్తా ఉండాల్సిందే. “మీకు పిల్లి ఉందా ఆంటీ?” అని అడిగితే, “పిల్లంటే నాకు తుమ్ములు. టైరు జారితే కింద చల్లడానికి,” అన్నారు. మర్నాడు మా చేత కూడా ఒక బస్తా కొనిపించారు. ఆ దుకాణంలో అమ్మాయి మా పిల్లి పేరేమిటని అడిగింది. సుబ్బారావు అని చెప్పాను.

చదువు పూర్తయింది. చేతికి వచ్చిన వర్క్ పర్మిట్‌లో ఎక్కువ భాగం గోడౌన్‌లో అట్టపెట్టెలకు టేపు వేయడంలో గడిచిపోయింది. పీఆర్‌కు, అంటే ఇక్కడే శాశ్వతంగా ఉండిపోవడానికి, అప్లై చేయాలంటే చదువుకు తగ్గ ఉద్యోగంలో ఏడాది అనుభవం కావాలి. అట్టపెట్టెలు ఆ లెక్కలోకి రావు. పర్మిట్‌లో ఇంకా పద్నాలుగు నెలలే మిగిలి ఉండగా, మిస్సిసాగాలో ఒక మందుల కంపెనీ ల్యాబ్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకు పిలిచింది. ఫిబ్రవరిలో, మధ్యాహ్నం రెండింటికి, స్వయంగా రమ్మని. ఇది తప్పితే ఇంకొకటి వచ్చేసరికి లెక్క సరిపోదు. గుంటూరు వెళ్ళిపోవడమే. గుంటూరు మీద నాకేం కోపం లేదు. ఓడిపోయి వెళ్ళడం మీదే ఉంది.

సుగుణ ఆంటీ మిస్సిసాగా పక్కనే ఎటోబికోలో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్ళాల్సిన పని కూడా ఆ రోజే పడింది. అలా పడిందని ఆవిడ చెప్పారు. నేను నమ్మినట్టు నటించాను. మూడు గంటల దారికి ఆరు గంటలు పెట్టుకుని ఎనిమిదింటికే బయల్దేరాం. నేనే డ్రైవ్ చేస్తున్నాను. ఇక్కడా లండన్ అని ఒక ఊరుంది, అది దాటి నాలుగువందల ఒకటో నంబరు హైవే ఎక్కేదాకా మంచు పడుతూనే ఉంది. పదకొండింటికి ముందున్న కార్లకు ఒక్కొక్కటిగా ఎర్రలైట్లు వెలిగాయి. తర్వాత ఏదీ కదల్లేదు. ఎక్కడో ముందు ఐసు మీద జారి లారీ అడ్డం పడిందని రేడియో చెప్పింది. మూడు వరసల్లో, కంటికి ఆనినంత దూరం, లారీలూ కార్లూ మంచు టోపీలు పెట్టుకుని నిలబడిపోయాయి.

ఎవరూ హారన్ కొట్టడం లేదు. నాకు అదే ఎక్కువ కంగారుగా ఉంది. మన దగ్గర ట్రాఫిక్ జామ్ అంటే కనీసం ఒక ప్రయత్నం కనిపిస్తుంది. ఇక్కడ అందరూ కాఫీ తాగుతూ కూర్చున్నారు. పన్నెండు దాటింది. ఆంటీ కళ్ళు మూసుకున్నారు. ప్రార్థనో నిద్రో చెప్పడం కష్టం, రెండింటిలోనూ ఆవిడకు గురక వచ్చేది. నేను కుడివైపు చూశాను. రోడ్డు అంచున షోల్డర్ ఉంది. ఒక కారు సుఖంగా పట్టేంత వెడల్పు. మంచు తోసే బండి ఒకసారి వెళ్ళినట్టుంది, నున్నగా ఉంది. ఒక్క బండి లేదు. ముందు రెండు కిలోమీటర్లలో ఎగ్జిట్ అని బోర్డు. అక్కడ దిగి పల్లె రోడ్ల మీదుగా పోతే రెండింటికి అందుకోవచ్చు. ఇన్ని వందల మంది ఉన్నారు, ఒక్కడికీ ఈ ఉపాయం తట్టలేదేమిటని జాలిపడ్డాను. గుంటూరులో ఆ మాత్రం చోటుంటే ఈపాటికి రెండు ఆటోలు, ఒక అరటిపళ్ళ బండి దూరి ఉండేవి.

దూరాను. మూడు వందల అడుగులు రాజాలా వెళ్ళాను. ఆ తర్వాత కుడి చక్రాలు అంచున మెత్తటి మంచులో దిగబడ్డాయి. కారు అడ్డంగా తిరిగి, ముక్కు గుంటలోకీ, తోక షోల్డర్ మధ్యకీ పెట్టి ఆగిపోయింది.

ఆంటీ కళ్ళు తెరిచారు. “ఎక్కడున్నాం?”

“ఇక్కడే ఆంటీ.”

పక్క వరసలో లారీ అద్దం దిగింది. తలపాగా పెట్టుకున్న సర్దార్జీ తల బయట పెట్టి, “కిధర్ జా రహా థా భాయ్?” అన్నాడు. ఎక్కడికి వెళ్తున్నావు బాబూ అని. అప్పుడే వెనకనుంచి సైరన్ వినిపించింది. షోల్డర్ మీదే, దూరంగా, ఎర్రదీపాలు తిప్పుకుంటూ అంబులెన్స్ వస్తోంది. వచ్చి, నా కారు తోకకు పది అడుగుల దూరంలో ఆగింది.

ఆ క్షణాన నేను ఇంటర్వ్యూ మర్చిపోయాను. ముందెక్కడో ఒక మనిషి లారీలో ఇరుక్కుని ఉన్నాడు, అతనికీ డాక్టర్లకూ మధ్య నేను అడ్డంగా ఉన్నాను. నా దగ్గర ఎప్పుడూ ఒక జోకు ఉంటుంది. వెతుక్కున్నాను. లేదు.

ఆంటీ అప్పటికే దిగిపోయారు. స్కూలు బస్సు గొంతు తీశారు. “బ్లూ జాకెట్! నువ్వు వెనక పట్టు! రెడ్ టోపీ, ఇదిగో పార, టైరు ముందు తవ్వు!” అని ఇంగ్లీషులో అరిచారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు కార్లు దిగి పరిగెత్తుకొచ్చారు. ఆ గొంతు వింటే యాభై ఏళ్ళవాడు కూడా లంచ్ బాక్సు సర్దుకుంటాడు. సర్దార్జీ దిగాడు. అంబులెన్స్‌లోంచి ఒకతను దిగి వాళ్ళతోపాటు భుజం పెట్టాడు. ఆంటీ చక్రాల కింద పిల్లిమట్టి పోసి నా కిటికీ దగ్గరకొచ్చారు.

“స్టీరింగ్ తిన్నగా పెట్టు. గ్యాస్ పెడల్ మెల్లిగా తొక్కు. ఏడవకు.”

“ఏడవట్లేదాంటీ, చలికి...”

“సరే, చలికే. గ్యాస్ మెల్లిగా.”

చక్రం తిరిగింది, జారింది, మళ్ళీ తిరిగింది, పట్టుకుంది. కారు గుంటలోంచి బయటపడింది గానీ, పెట్టడానికి చోటేదీ? సర్దార్జీ చెయ్యెత్తి ముందువాళ్ళకు సైగ చేశాడు. అతని ముందున్న కారు ఒక అడుగు జరిగింది. దాని ముందుది ఇంకో అడుగు. అలా పది పన్నెండు బండ్లు, బంపర్లు ముద్దుపెట్టుకునేంత దగ్గరగా జరిగి, లారీ ముందు నా కారు పట్టేంత జాగా చేశాయి. దూరిపోయాను. అంబులెన్స్ కదిలింది. నన్ను తోసినతను ఎక్కబోతూ నా వైపు తిరిగి “థాంక్స్” అన్నాడు. నా వల్ల ఆగినవాడు నాకే థాంక్స్ చెప్పాడు. ఈ దేశంలో నన్ను అన్నిటికంటే భయపెట్టింది చలి కాదు, ఆ మాట. డాష్‌బోర్డు గడియారం చూశాను. పదకొండు నిమిషాలు.

ఆంటీ సీట్లో కూర్చుని చేతికి అంటిన మట్టి దులుపుకున్నారు. తిడతారని ఎదురుచూశాను. తిట్టలేదు. చెగోడీల డబ్బా మూత తీసి నా ముందు పెట్టారు.

“ఎందుకెళ్ళావు నాయనా?”

“ఖాళీగా ఉంది కదాంటీ. ఎవరూ లేరు.”

“ఎవరూ లేక ఖాళీగా ఉందా?” పక్క అద్దంలోంచి వెనక వరసలన్నీ ఒకసారి చూశారు. “ఇంతమందీ వదిలిపెడితే ఖాళీగా ఉంది. వీళ్ళలో ఎవరికి పని లేదనుకున్నావు?”

చెగోడీ నోట్లో పెట్టుకున్నాను. తర్వాత కంపెనీకి ఫోన్ చేసి, రెండింటికి రాలేనని చెప్పాను. ల్యాబ్ మేనేజరు ఎత్తింది. వాళ్ళ ప్లాంటులో కూడా సగం మంది రోడ్ల మీదే ఉన్నారట. రేపు పదింటికి రమ్మంది. నా జీవితం ముగిసిపోయిందని నేను రెండు గంటలుగా ఆడిన నాటకానికి ఆవిడ అర నిమిషంలో తెర దించేసింది. ఆ రాత్రి ఎటోబికోలో ఆంటీ చెల్లెలి ఇంట్లో టీవీ వార్తలు విన్నాం. లారీ డ్రైవరుకు కాలు విరిగింది, ప్రాణానికి భయం లేదన్నారు. ఆంటీ ప్రార్థన చేసుకున్నారు, ఈసారి గురక లేకుండా. ఆ పదకొండు నిమిషాలు ఆ కాలికి ఏం చేశాయో నాకు తెలియదు. తెలిసే దారి కూడా లేదు.

మర్నాడు ఇంటర్వ్యూలో, నువ్వు చేసిన ఒక తప్పు గురించి చెప్పమన్నారు. అందరిలాగే నా దగ్గరా తయారుగా ఒక జవాబుంది. నేను మరీ ఎక్కువ కష్టపడతాను, అదే నా తప్పు అని. నోరు తెరిస్తే అది రాలేదు. నిన్నటిది చెప్పాను, అంబులెన్స్‌తో సహా. మేనేజరు రాసుకోవడం ఆపింది.

“ఆ తర్వాత నీలో ఏం మార్చుకున్నావు?”

“ఇంకా ఒక్కరోజే అయింది మేడమ్,” అన్నాను.

ఆవిడ నవ్విందో లేదో ల్యాబ్ మాస్కు వల్ల తెలియలేదు. ఆ ఉద్యోగం వేరేవాళ్ళకు వెళ్ళింది. మూడు వారాల తర్వాత ఆవిడే ఫోన్ చేసి, పక్క విభాగంలో ఒకటుంది, చేస్తావా అంది. మందుల ల్యాబ్‌లో పొరపాటు చేస్తే సరిదిద్దుకోవచ్చు గానీ దాచేవాడితో పని జరగదని, నన్ను అందుకే గుర్తుపెట్టుకున్నానని చేరిన తర్వాత చెప్పింది. పర్మిట్‌లో పదమూడు నెలలు మిగిలి ఉండగా చేరాను. లెక్క సరిపోయింది. సార్నియాకు ఫోన్ చేసి చెబితే ఆంటీ, “మంచిది నాయనా, పైకప్పు మీద మంచు తుడుస్తున్నావా?” అన్నారు.

మొన్న జనవరిలో పని నుంచి వస్తుంటే అదే హైవే మీద మళ్ళీ అంతా ఆగిపోయింది. పక్క సీట్లో మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన ఒంగోలు అమ్మాయి ఉంది. పావుగంట ఓపిక పట్టి, “అన్నా, ఆ పక్కన ఖాళీగానే ఉంది కదా, అందరూ ఇక్కడే ఎందుకున్నారు?” అంది. ఆంటీలా చెబుదామనుకున్నాను గానీ నాకంత గొంతు లేదు. చూస్తూ ఉండమన్నాను. గంటసేపు చూసింది. అంబులెన్స్ రాలేదు, పోలీసు బండి రాలేదు, మంచు తోసే బండి కూడా రాలేదు. నా పాఠానికి రుజువు చూపించే ఉద్దేశం ఆ రోజు ఎవరికీ ఉన్నట్టు లేదు. అయినా మూడు వరసల్లో ఒక్కరు కూడా అటు చక్రం తిప్పలేదు. అందరికీ ఇళ్ళున్నాయి, ఆకళ్ళున్నాయి. ఎవరో తెలియని ఒక మనిషి కోసం, వస్తాడో రాడో తెలియని మనిషి కోసం, మేమంతా ఇంజన్లు ఆన్‌లో పెట్టుకుని ఆ దారిని అలాగే వదిలి కూర్చున్నాం.