ఐదుగురు కుర్రాళ్ళ కవరు

డెబ్భైల చివర్లో, అమెరికాలో డెట్రాయిట్ పక్కనున్న ఫార్మింగ్టన్ హిల్స్‌లో అపార్ట్‌మెంట్ తీసుకున్న రెండో ఏడు, దగ్గర్లోని ఒక దినపత్రికలో నాకు ఉద్యోగం దొరికింది. అంతకుముందు విజయవాడలో ఆరేళ్ళు సబ్ ఎడిటర్‌గా పనిచేశాను. అక్కడ వార్తలు రాసేదాన్ని, దిద్దేదాన్ని, హెడ్డింగులు పెట్టేదాన్ని. ఇక్కడ దొరికిన పని వార్తలు కత్తిరించడం.

పాత వార్తలు దాచే గదిని ఆ ఆఫీసులో శవాల గది అనేవారు. అందరూ ఎంత మామూలుగా అనేవారంటే, నెల తిరిగేసరికి నాకూ అలవాటైపోయింది. గది నిండా ఇనుప డ్రాయర్లు, వాటిలో మట్టిరంగు కవర్లు. పొద్దున్నే ఆనాటి పేపరు కట్ట వచ్చేది. స్కేలు ఆనించి ఒక్కో వార్తా కత్తిరించి, తేదీ ముద్ర వేసి, మడిచి కవర్లో పెట్టాలి. ఒక వార్తలో ముఖ్యమైన పేర్లు నాలుగుంటే నాలుగు కాపీలు కత్తిరించి నాలుగు కవర్లలో పెట్టాలి. రిపోర్టరు ఎవరైనా వచ్చి కవరు అడిగితే, ఇచ్చేముందు దాని వెనకా, కవర్ల రిజిస్టరులోనూ ఆ రోజు తేదీ వేయాలి. రెండేళ్ళపాటు వెనక ఒక్క తేదీ కూడా పడని కవరుని తీసి చెత్తలో వేస్తారు. డ్రాయర్లలో చోటు చాలదు మరి.

ఆ గదికి పెద్ద ఒకావిడ. అరవై దగ్గర పడుతున్న వయసు, మెడలో గొలుసుకి వేలాడే కళ్ళద్దాలు. మాట తక్కువ, పని ఎక్కువ. మొదటిరోజే నా కత్తెర పట్టు చూసి, నువ్వు ఇంతకుముందు పేపర్లో చేశావా అని అడిగింది. చేశానన్నాను. అయితే ఇక్కడ నీకు విసుగు పుడుతుంది అంది.

విసుగు పుట్టలేదు కానీ, రాయాలనే కోరిక మాత్రం పోలేదు. మొదటి ఏడాదిలోనే వెళ్ళి ఫీచర్స్ ఎడిటర్‌ని అడిగాను. మంచివాడే. నా ఇంగ్లీషు తన రిపోర్టర్లలో సగంమంది కంటే నయమన్నాడు. అయితే మా పాఠకులకు కావలసిన సంగతుల్లో నీకు బాగా తెలిసింది ఏముంది, అలాంటిది దొరికిన రోజు రా అన్నాడు. మరుసటి ఏడాది మళ్ళీ అడిగితే మళ్ళీ అదే మాట చెప్పాడు. ఆ తర్వాత అడగడం మానేశాను.

ఆ కుర్రాళ్ళు నా బల్లమీదికి వచ్చింది ఆ రోజుల్లోనే. ఇంగ్లండ్ ఉత్తరాన ఏదో రేవు పట్టణం నుంచి వచ్చిన ఐదుగురు. సన్నటి టైలు, తమకంటే పెద్దవాళ్ళ కోట్లు తొడుక్కున్నట్టు వదులు కోట్లు. డెట్రాయిట్‌లో ఒక చిన్న హాల్లో వాయించారు. వినడానికి ఇరవైమంది వచ్చారనీ, అందులో కొందరు అక్కడ గ్లాసులు అందించేవాళ్ళేననీ మా సంగీత విమర్శకుడు రాశాడు. వాళ్ళ సంగీతాన్ని న్యూ వేవ్ అన్నాడు. రాక్ అనడానికి మరీ శుభ్రంగా, డిస్కో అనడానికి మరీ దిగులుగా ఉన్న ప్రతిదానికీ అప్పట్లో ఆ పేరు పెట్టేవారని తర్వాత గ్రహించాను. ఆ రోజు ఆరు కాపీలు కత్తిరించాను. బృందం పేరుతో ఒకటి, ఒక్కో కుర్రాడి పేరుతో ఒకటి, మొత్తం ఆరు కవర్లు.

తర్వాత ఐదారేళ్ళపాటు వాళ్ళ జీవితం ముక్కలు ముక్కలుగా నా చేతిలోంచి వెళ్ళింది. బళ్ళో కలిసి చదువుకున్నవాళ్ళు. మొదట్లో ఉత్త కేకలు, మూడు తీగల గిటారు. తర్వాత ఒకడు అప్పుచేసి కీబోర్డు కొన్నాడు. అతను కట్టిన ట్యూన్లే వాళ్ళని మార్చాయి. మొదటి రికార్డు ఇంగ్లండ్‌లో కొద్దిగా ఆడింది. రెండోది వచ్చేసరికి ఇక్కడ రోజంతా పాటలు చూపించే టీవీ ఛానెల్ మొదలైంది. వాన కురుస్తున్న రేవులో గొడుగుల్లేకుండా నిలబడి పాడిన ఒక పాట గంటకోసారి వచ్చేది. మరుసటి ఏడు వాళ్ళు వాయించింది చిన్న హాల్లో కాదు, హాకీ ఆడే స్టేడియంలో. గాయకుడి జుట్టు మీదే ఒక పూర్తి వ్యాసం వచ్చింది. అదీ కత్తిరించాను.

ఇంట్లో భోజనాల దగ్గర ఈ కబుర్లు చెప్పేదాన్ని. మావారు కార్ల కంపెనీలో ఇంజనీరు, సంగీతంతో పనిలేని మనిషి.

"మా మేనత్త పిల్లల పేర్లు నీకు గుర్తుండవు. ఆ డ్రమ్ములవాడికి తమ్ముళ్ళెంతమందో మాత్రం తెలుసు" అనేవారు.

"మీ మేనత్తగారి పిల్లలు పేపర్లో పడితే వాళ్ళకీ కవరు కడతానండీ" అనేదాన్ని.

తర్వాత కీబోర్డు కుర్రాడు విడిపోయాడు. మూడో రికార్డుని మా విమర్శకుడు నాలుగు లైన్లలో తేల్చేశాడు. నాలుగోది వచ్చిందని ఒక్క లైను పడింది. రికార్డు కంపెనీ వదిలేసింది. గాయకుడు ఒంటరిగా ఒక రికార్డు చేశాడు, మళ్ళీ నాలుగు లైన్లు. డ్రమ్మరు ఊరెళ్ళి వాళ్ళ నాన్న చేపల వలల కొట్టు చూసుకుంటున్నాడని ఎక్కడో ఓ మూల వాక్యం. ఆ తర్వాత కత్తిరించడానికి ఏమీ రాలేదు.

వచ్చిందెప్పుడంటే, మా అమ్మాయికి పదహారేళ్ళు వచ్చిన ఏడాది. మార్చి నెల, బయట మంచు ఇంకా కరగలేదు. ఐదుగురూ మళ్ళీ కలిశారు, వచ్చే శనివారం డెట్రాయిట్‌లో అదే చిన్న హాల్లో వాయిస్తున్నారు. విమర్శకుడు అప్పటికి వేరే పేపరుకి వెళ్ళిపోయాడు. పొద్దున్న పదింటికి ఫీచర్స్ ఎడిటర్ స్వయంగా మా గదికి వచ్చి ఆ బృందం కవరు అడిగాడు. ఎవరిచేతనైనా వాళ్ళ కథంతా రాయించాలట, మర్నాడు మధ్యాహ్నానికల్లా.

డ్రాయరు లాగాను. కవరు లేదు.

ముందటి వేసవిలో తమ్ముడి పెళ్ళికి నేను ఆరువారాలు ఇండియా వెళ్ళాను. ఆ ఆరువారాల్లో మా పెద్దావిడ రిజిస్టరు చూసి, తేదీలు పడని కవర్లకు జాబితా వేసుకుని, తనే డ్రాయర్లు ఖాళీ చేసింది. రెండేళ్ళుగా ఆ బృందాన్ని ఎవరూ అడగలేదు కాబట్టి పారేశాను అంది. ఆ మాటలో ఎక్కడా తప్పు లేదు. అక్కడి పద్ధతే అది.

ఎడిటర్ వెళ్ళబోతుంటే నాకు తెలియకుండానే నోటివెంట వచ్చింది, వాళ్ళ కథ నాకు తెలుసు, నేను రాస్తానని. అతను నిలబడ్డాడు. మొదటి రికార్డు నుంచి వలల కొట్టు దాకా చెప్పుకుపోయాను. ఎనిమిదేళ్ళ కిందట తనన్న మాట అతనికీ గుర్తున్నట్టుంది, చిన్నగా నవ్వాడు.

"నువ్వే రాయి. కానీ జ్ఞాపకం మీద రాసింది అచ్చువేయను. ప్రతి లైనుకీ కత్తిరింపు చూపించు" అన్నాడు.

అడిగింది న్యాయమే. విజయవాడలో నా ఎడిటర్ అయినా అదే అనేవాడు. కానీ కత్తిరింపులు లేవు. అవి లేకపోతే ఎనిమిదేళ్ళకు ఒకసారి తెరుచుకున్న తలుపు మళ్ళీ మూసుకుపోతుంది.

అప్పుడు మిగతా ఐదు కవర్లు గుర్తొచ్చాయి. పెద్దావిడ తల అడ్డంగా ఊపింది. జాబితాలో ఆ ఐదు పేర్లూ ఉన్నాయనీ, వాళ్ళ వాళ్ళ డ్రాయర్లలో వెతికినా ఒక్కటీ కనిపించలేదనీ, అంతకుముందే ఎవరో తీసేసి ఉంటారని పేర్లు కొట్టేశాననీ చెప్పింది. నేను తీయలేదు. మా ఇద్దరికీ తప్ప ఆ డ్రాయర్లు ముట్టే హక్కు ఎవరికీ లేదు. మరి కవర్లేమయ్యాయి?

గాయకుడి ఇంటిపేరు డ్రాయరు లాగి చూశాను, లేదు. ఊరికే, చెయ్యి ఎటు పోతే అటు పోనిచ్చి చూద్దామని, కొత్త కత్తిరింపు పెట్టబోతున్నట్టు కళ్ళు మూసుకుని నిలబడ్డాను. చెయ్యి నేరుగా మూడు బీరువాల అవతలికి వెళ్ళింది. కవరు అక్కడుంది. లావుగా, చక్కగా. మిగిలిన నలుగురూ అలాగే దొరికారు.

మనకి ఇంటిపేరు ముందొస్తుంది. పుట్టినప్పటి నుంచీ పేరులో మొదటి ముక్కే ఇంటిపేరు. అమెరికాలో వ్యక్తుల కవర్లు ఇంటిపేరు అక్షరం కింద పెట్టాలి, అది పేరు చివర ఉంటుంది. అధ్యక్షుల దగ్గర, సెనేటర్ల దగ్గర, బేస్‌బాల్ ఆటగాళ్ళ దగ్గర నేనెప్పుడూ తప్పుచేయలేదు. ఎవరో తెలియని ఐదుగురు ఇంగ్లండ్ కుర్రాళ్ళ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి తన పాత అలవాటు చూసుకుంది. ఫొటో కింద పేర్లలో మొదటి ముక్క చూసి కవర్లు కట్టేశాను. ఆ తర్వాత వాటిలో పెట్టిందీ నేనే కాబట్టి, తప్పు తనతో తాను చక్కగా కలిసిపోతూ ఎనిమిదేళ్ళు నడిచింది.

కవర్లు పట్టుకుని దాచకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పెద్దావిడ కళ్ళద్దాలు పెట్టుకుని ఐదింటి మీదా నేను టైపు చేసిన పేర్లు చదివింది. ఒక్కో కవరూ తిరగేసి, వెనక తేదీల కోసం చూసింది. ఉద్యోగం పోతుందేమో అని కూడా అనిపించింది.

"సరిగ్గా పెట్టి ఉంటే వీటినీ పారేసేదాన్ని" అంది చివరికి. తర్వాత, "సోమవారం మొత్తం డ్రాయర్లన్నీ చూడు. ఇలాంటి వాళ్ళు ఇంకెంతమంది ఉన్నారో" అని తన పనిలో పడింది.

ఆ సాయంత్రం కవర్లు ఇంటికి తెచ్చి బల్లమీద పరిచాను. మా అమ్మాయి స్కూలు నుంచి వచ్చి, ఆ ఫొటోలు చూసి బ్యాగు కింద పడేసింది.

"వీళ్ళా? నువ్వు వీళ్ళ మీద రాస్తున్నావా?"

రాస్తున్నానన్నాను.

"అమ్మా, నువ్వు వాళ్ళ సాంగ్ ఒక్కటన్నా విన్నావా?"

వినలేదు. వాళ్ళ ఊళ్ళో వాన ఎంత పడుతుందో తెలుసు, కీబోర్డు ఎందుకు కొన్నాడో తెలుసు, ఎవరితో ఎవరికి పడదో తెలుసు. టీవీలో వస్తున్నప్పుడు కూడా నేను వంటింట్లోనే ఉండేదాన్ని. ఎనిమిదేళ్ళలో ఒక్క పాట వినాలని తోచలేదు.

"అది చీటింగ్" అంది మా అమ్మాయి. "కార్ కీస్ ఇవ్వు. నువ్వు కూడా రా."

ఇంట్లో టేప్ రికార్డరు పాడైపోయి చాలా రోజులైంది. కార్లోదే బాగుంటుంది. పార్కింగ్ లాట్‌లో హీటరు కోసం ఇంజన్ ఆన్ చేసుకుని, కోట్లు తొడుక్కుని ఇద్దరం కూర్చున్నాం. తన దగ్గర నాలుగు రికార్డులూ క్యాసెట్లలో ఉన్నాయని అప్పుడే తెలిసింది. వాళ్ళు పాతబడిపోయారని స్నేహితురాళ్ళు ఏడిపిస్తారని ఎవరికీ చెప్పదట. మధ్యలో మావారు ఆఫీసునుంచి వచ్చి, కిటికీ అద్దం మీద తట్టి, ఎక్కడికైనా బయల్దేరారా అని అడిగారు. ఎక్కడికీ లేదు డాడీ, అమ్మ స్టడీ చేస్తోంది అని చెప్పింది. ఆయన మా ఇద్దరినీ ఓసారి చూసి, అన్నం నేను పెట్టుకుంటాలే అని వెళ్ళిపోయారు.

మొదటి రికార్డు నాకు గోలగా ఉంది. రెండోదానిలో వాన పాట విన్నాక, అంతమంది ఎందుకు కొన్నారో అర్థమైంది. కానీ నా చెవి ఆగింది మూడోదాని దగ్గర. కీబోర్డు కుర్రాడు వెళ్ళిపోయాక బృందం కూలిపోయిందని మా విమర్శకుడితో సహా అందరూ రాశారు. వింటే అలా లేదు. ట్యూన్లు పల్చబడ్డమాట నిజమే. అయినా అడుగున ఒకడు తొందరపడకుండా, తడబడకుండా డ్రమ్ములు వాయిస్తూనే ఉన్నాడు. మిగతావాళ్ళు ఎటు కొట్టుకుపోయినా తిరిగి అతని దగ్గరికే వస్తున్నారు.

"ఇతన్ని గురించి ఎవరూ ఏమీ రాయలేదే" అన్నాను.

"హి ఈజ్ ద బెస్ట్ వన్. ఎవరూ పట్టించుకోరు" అంది మా అమ్మాయి.

పైకి వెళ్ళి చూస్తే, ఐదు కవర్లలోకీ పల్చటిది అతనిదే. అందులోంచి వలల కొట్టు వాక్యం తీసి, దానితోనే మొదలుపెట్టాను. తొమ్మిదిన్నరకల్లా అయిపోయింది. ప్రతి లైను పక్కనా ఏ కత్తిరింపులోదో రాశాను. డ్రమ్ముల మాట మాత్రం నేను విని రాసిందని పెట్టాను.

మర్నాడు ఎడిటర్ నా ఎదురుగానే కత్తిరింపులతో సరిచూసుకుంటూ చదివాడు. రెండు విశేషణాలు కొట్టేశాడు. రెండూ కొట్టేయవలసినవే. శుక్రవారం పేపర్లో మూడు కాలమ్‌లలో వచ్చింది, హెడ్డింగు కింద నా పేరుతో. శనివారం మా అమ్మాయినీ, తన స్నేహితురాళ్ళనిద్దరినీ నేనే డ్రైవ్ చేసి ఆ హాలుకి తీసుకెళ్ళాను. ఇరవైమంది కంటే చాలా ఎక్కువే వచ్చారు. నాకు డ్రమ్మరు సరిగ్గా కనిపించలేదు, ముందు పొడుగువాళ్ళు నిలబడ్డారు. వినిపించాడు.

సోమవారం పొద్దున్న నేను వెళ్ళేసరికి శుక్రవారం పేపర్లు నా బల్లమీద ఉన్నాయి. పెద్దావిడ బృందానికి కొత్త కవరు కట్టి పెట్టింది. ఆరు కాపీలు కత్తిరించాను. ఐదుగురి కవర్ల మీదా పేర్లు మళ్ళీ టైపు చేసి, వాళ్ళ వాళ్ళ ఇంటిపేర్ల డ్రాయర్లకు మార్చాను. కత్తెర కింద పెట్టబోతుంటే, ఇంకొకటి కావాలి అందావిడ. సొంత పేరుతో రాసినవాళ్ళందరికీ ఆ గదిలో కవరుంటుంది. ఆ సంగతి నాకూ తెలుసు, అప్పటికి ఎంతోమందికి కట్టినదాన్నే.

ఏడో కాపీ కత్తిరించాను. ఆవిడ ఖాళీ కవరు టైపు మిషన్‌లో ఎక్కించి, ఏ అక్షరం కింద అని అడిగింది. అడుగుతున్నప్పుడు నవ్వలేదు గానీ, కళ్ళద్దాలు మాత్రం తీసింది. మీ పద్ధతిలోనే కానివ్వండి అన్నాను.

ఒక్క కత్తిరింపు ఉన్న కవరు డ్రాయర్లో తనంతట తను నిలబడదు. రెండు లావుపాటి కవర్ల మధ్య ఒత్తి పెట్టాలి. అలాగే పెట్టి, డ్రాయరు మూసి, ఆనాటి పేపరు ముందుకు లాక్కున్నాను.