బుఖారీకి దూరంగా మొలిచిన ఆకు

అక్టోబరు మొదటి వారం, ఉదయం పది గంటలకు సరిహద్దులో మా సైనిక పోస్టుకు చేరాను. పద్నాలుగు వేల అడుగుల ఎత్తు. చుట్టూ రాయి, మంచు. నా సంచిలో నాలుగు జతల ఉన్ని సాక్సులు, ఒక విత్తనాల పొట్లం. ఏదో విదేశీ సలాడ్ ఆకు. "మంచుల గూడ బతుకుతది, తీస్కపో" అని ఆబిడ్స్‌లో దుకాణాయన చేతిలో పెట్టాడు. ఆబిడ్స్‌లో కూర్చున్నవాడికి మంచేం తెలుసని నవ్వుకున్నాను.

బంకరులో ఎనిమిది మందిమి. వైర్‌లెస్ ఆపరేటర్‌ది సిద్దిపేట దగ్గర పల్లె. నెల తిరిగేసరికి అతనికి డబ్బా కూర వాసనకే వాంతులు. బిస్కెట్లు, టీతో నెట్టుకొస్తున్నాడు. మా సుబేదార్ సాబ్ హిందీలో తేల్చి చెప్పాడు: జనవరి నెలాఖరుకు కూడా తిండి తినకపోతే కిందికి పంపేస్తాను.

"ఏం తినబుద్ధైతది తమ్మీ?" అనడిగాను.

"జర పచ్చి ఆకు ఏదన్న ఉంటే బాగుండు అన్నా. నన్నైతే దించనియ్యకు. సగంల దిగిపోతే ఇంటికాడ మొఖం ఎట్ల సూపియ్యాలె?"

ఖాళీ మందుగుండు పెట్టెలో బంకరు గోడ బస్తాల్లోని మట్టి నింపి, సగం విత్తనాలు చల్లి బుఖారీ పక్కన పెట్టాను. బుఖారీ అంటే మా కిరోసిన్ పొయ్యి. అక్కడ బ్యాటరీలు, బూట్లు, టూత్‌పేస్టు, అన్నీ దాని పక్కనే ఉండాలి. లేకపోతే గడ్డకడతాయి. విత్తనాలూ అంతే అనుకున్నాను. ఇరవై రోజులైనా ఒక్క మొలక లేదు. "రాళ్లలో సలాడా?" అని సుబేదార్ సాబ్ పకపకా నవ్వాడు. ఒళ్ళు మండింది. మొలవదంటారా? చూద్దాం.

పొట్లం వెనకున్న అచ్చును అప్పుడు చదివాను. ముందే చదవాల్సింది, బుద్ధి లేదు నాకు. ఆ విత్తనానికి వేడి పనికిరాదట, చల్లదనం కావాలట. మిగతా సగం చల్లి, పెట్టెను తలుపు దగ్గర, ప్లాస్టిక్ కాగితం కట్టిన కిటికీ కింద పెట్టాను. పదహారో రోజుకు మొలకలు వచ్చాయి. జనవరి మూడో వారానికి ఆకులు వేలెడంత అయ్యాయి.

ఒక రాత్రి గాలికి ఆ కాగితం చిరిగింది. ఉదయం ఆరింటికి చూస్తే పెట్టె నిండా మంచు. "అయిపాయె అన్నా" అన్నాడు ఆపరేటర్. "ఏమీ కాలే, ఆగు!" అని అరిచాను. చేత్తో మెల్లగా మంచు తీశాను. కింద ఆకులు పచ్చగా ఉన్నాయి. సుబేదార్ సాబ్ ఈసారి నవ్వలేదు.

ఒకటి తెంపి ఇచ్చాను. ఆపరేటర్ చాలాసేపు నమిలాడు. తర్వాత చెయ్యి చాచాడు. "ఇంకోటియ్ అన్నా." ఆ మధ్యాహ్నం అన్నం కూడా తిన్నాడు. మే నెలలో అందరం కలిసే దిగాం.

ఇప్పుడు నాంపల్లిలో మా డాబా మీద అదే ఆకు వేస్తున్నాను. "గీ ఎండల గదేడ మొలుస్తదన్నా?" అంటారు పక్కింటివాళ్ళు. మొలుస్తుంది. డిసెంబరులో వేస్తాను, సంక్రాంతి దాటాక వాళ్ళకే పంచుతాను. తెంపిన ప్రతిసారీ, చలికి పగిలిన ఆ ఆపరేటర్ అరచెయ్యి నా ముందు చాచే ఉంటుంది.