అరిగిన రబ్బరు

ఎనభైల మొదట్లో, మేం బతకడానికొచ్చిన హిందీ ఊళ్లో, బారిడీహ్ పేటకి వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్నావిడ ఒళ్లో ఒక చంకకర్ర ఉంది. దాని పైన చుట్టిన ఆకుపచ్చ చీరపీలిక నేను చుట్టిందే. అమ్మ పోయాక ఆ కర్రని, వాడిన సామాను బాగుచేసి లేనివాళ్లకిచ్చే చోట ఇచ్చేశాను.

నా చేతిలో తెలుగు వారపత్రిక చూసి ఆవిడే మాట కలిపింది.

"మా పెద్దపిల్లకి బాబూ, కాలు ఇరిగింది. కర్రకి కింద కొత్త రబ్బరు ఏత్తామన్నారు. నానే వద్దన్నాను."

"ఎందుకని?"

"ఇంత అరిగిందంటే ఆ మడిసి బాగా నడిచి, నయమైపోయి ఇచ్చీసుంటాది. సచ్చినోళ్లదైతే మా అత్త గుమ్మం దాటనివ్వదు. నయమైనోళ్లదే కదేటి?"

"అవునమ్మా," అన్నాను.

ఆవిడ ఆ రబ్బరుని వేలితో తాకి కళ్లకద్దుకుంది. నేను రెండు స్టాపులు ముందే దిగిపోయాను.

అమ్మ బాగా నడిచిన మాట నిజమే. నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్న నన్ను లేపడం ఇష్టంలేక, నీళ్లకి వీధి కుళాయి దాకా తనే వెళ్లేది. ఆ కర్ర చప్పుడు నాకు వినిపిస్తూనే ఉండేది.