జంపఖానా మీదికి దిగని మాట

ఆ రోజుల్లో, అంటే నాకు జుట్టూ ధీమా రెండూ నిండుగా ఉన్న రోజుల్లో, మనుషులంతా కుర్చీల్లోనే కూర్చుంటారని నాకో గట్టి నమ్మకం. పెరిగింది మారేడ్‌పల్లిలో ఓ పాత ఇంటి కింది వాటాలో. మూడు పూటలా తినేది నేల మీదే. అయినా స్పీకర్ల పిచ్చి పట్టాక నేల అనేది ఒకటుందన్న సంగతే మరిచిపోయాను. ఇంజనీరింగ్ అయిపోయింది (మిగిలిపోయిన రెండు సబ్జెక్టుల ప్రస్తావన మా ఇంట్లో ఎవరూ తేరు, మీరూ తేకండి). మావయ్య తన ఆఫీసులో ఉద్యోగం చూశాడు, సోమవారం చేరాలి. నేనేమో స్పీకర్లు తయారుచేసే షాపు పెడతానని భీష్మించుక్కూర్చున్నాను. చివరికి నాన్న ఒక రాజీకొచ్చాడు. "శనివారం మనింట్లో ప్రార్థన కూటానికి నీ డబ్బా పెట్టు. అయ్యగారి మాట అందరికీ స్పష్టంగా వినపడిందా, ఏడాదిపాటు నిన్నేమీ అడగను. వినపడలేదా, సోమవారం టక్ చేసుకుని మీ మావయ్య బండెక్కు."

ఆ కూటం అమ్మ కోసం. టైఫాయిడ్‌తో మంచం పట్టి, మా అందరి ప్రాణాలూ తోడేసి, మళ్ళీ లేచి తిరుగుతోందని కృతజ్ఞత చెల్లించే కూటం. మా పాస్టరు అయ్యగారిది మొదటినుంచీ మెత్తని గొంతు, ఫ్యాను వేస్తే ఎగిరిపోతుంది. మా హాలేమో రైలుపెట్టెలా పొడుగు. దానికి నేను కనిపెట్టిన మందు, చిన్న చిన్న స్పీకర్లని ఒకదాని మీద ఒకటి నిలువుగా పేర్చిన సన్నటి పెట్టె. అలా పేరిస్తే శబ్దం పక్కలకి విసనకర్రలా విచ్చుకుంటుంది, పైకీ కిందికీ మాత్రం పెద్దగా పోదు. అందువల్ల స్లాబుకి తగిలి గదంతా గోల గోల కాదు. మోండా మార్కెట్ దగ్గరి వడ్రంగి నేను గీసిచ్చిన పెట్టె బొమ్మని అటూ ఇటూ తిప్పి చూశాడు. "గిదేందన్నా, గింత సన్నగ, గింత పొడుగు! ఇందుల పామును గిట్ల సాదుతవా ఏంది?" అన్నాడు. కళాకారుణ్ణి లోకం అర్థం చేసుకోదని సరిపెట్టుకున్నాను.

పెట్టెని ఎత్తైన స్టూలు మీద నిలబెట్టి, హాల్లో మూలమూలకీ కుర్చీ జరుపుకుంటూ, అందులో కూర్చుని వారం రోజులు విన్నాను. ఎక్కడ విన్నా మాట ముత్యంలా ఉంది.

శనివారం సాయంత్రం ఇల్లు నిండిపోయింది. గోడల వెంట కుర్చీల్లో మగవాళ్ళు, మధ్యన జంపఖానా మీద నెత్తిన ముసుగులేసుకుని ఆడవాళ్ళు. అమ్మకి కుర్చీ వేయబోతే, "అందరూ కింద కూర్చుంటే నేనొక్కదాన్నే పైనా?" అని వంటింటి గుమ్మం దగ్గర చతికిలబడింది. అయ్యగారు మొదలుపెట్టారు. నేను కుర్చీలో కాలుమీద కాలేసుకుని వింటున్నాను. అయ్యగారు ఏదో సరదాగా అంటే మగవాళ్ళు నవ్వారు, ఒక్క క్షణం ఆగి ఆడవాళ్ళు నవ్వారు. "ఆమేన్" కూడా రెండు విడతలుగా వస్తోంది. ఆ రెండో ఆమేన్‌ని నేను గది ప్రతిధ్వని అనుకుని, కిటికీలకి మందపాటి కర్టెన్లు కట్టాలని మనసులో రాసుకున్నాను. మధ్యలో పక్కింటి ఆంటీ నా ప్యాంటు లాగి, "మైకు జెర షురూ చెయ్యి బిడ్డా, గిక్కడ ఒక్క ముక్క ఇనొస్తలేదు" అంది. పాపం ఆంటీకి వయసు మీద పడింది అనుకున్నాను.

ఆఖర్న అయ్యగారు అమ్మ గురించి చెప్పారు. మగవాళ్ళ కళ్ళు చెమర్చాయి. మావయ్య ముక్కు చీదాడు. కూటం ముగిశాక నాన్న నా భుజం మీద చెయ్యేసి, "మాట మాటా వినపడిందిరా. సోమవారం వెళ్ళక్కర్లేదు" అన్నాడు. నేను గాల్లో తేలుతూ వంటింట్లోకి వెళ్ళాను. అమ్మ టీ వడగడుతోంది.

"ఒరేయ్, అయ్యగారు నా గురించి ఏదో చెప్పినట్టున్నారు. ఏమన్నార్రా?"

"నువ్వక్కడే ఉన్నావుగా!"

"ఉన్నాలే. గుంయ్యిమని శబ్దమొస్తోంది గానీ మాట తెలియలేదు. మీ మావయ్య ముక్కు చీదుతున్నాడు కదా, మంచి మాటలే అయ్యుంటాయని ఆమేన్ అన్నాను. మీ నాన్నకి చెప్పకు."

నాకు ఏడుపొచ్చింది. ఎవరి కోసం ఆ కూటమో ఆ మనిషికే వినపడలేదు, పైగా నా కోసం దాస్తోంది. హాలు ఖాళీ అయ్యాక వెళ్ళి అమ్మ కూర్చున్న చోటే కూర్చుని, ఫోన్లో రికార్డు చేసుకున్న ప్రసంగాన్ని పెట్టెకి తగిలించి పెట్టాను. మాటలన్నీ నా నెత్తి మీదుగా కుర్చీల వైపు వెళ్ళిపోయాయి. కిందికి దిగింది ఒట్టి గుంయ్యి. లేచి, స్టూలు తీసేసి, పెట్టెని నేల మీదే నిలబెట్టి అమ్మని పిలిచాను. అమ్మ జంపఖానా మీద కూర్చుని, మళ్ళీ నెత్తిన ముసుగేసుకుంది.

"ఒళ్ళు తెలియని జ్వరంలో కూడా ఈ తల్లి, చూడ్డానికి వచ్చినవాళ్ళకి కాఫీ ఇచ్చారా అని అడిగేది" అంటున్నారు అయ్యగారు.

అమ్మ చెంగుతో కళ్ళొత్తుకుంది. "అంతేనా! దీనికా మగాళ్ళందరూ అంత ముక్కులు చీదారు?" అంది.

చుట్టాల్ని సాగనంపి నాన్న లోపలికొచ్చాడు. నిలబడే చెవొగ్గి, "ఏంట్రా, మాట తెలియట్లేదు? అప్పుడే పాడైపోయిందా?" అన్నాడు.

"పాడవ్వలేదు. కింద కూర్చోండి, వినపడుద్ది" అంది అమ్మ.

నాన్న ఇస్త్రీ ప్యాంటు మోకాళ్ళ దగ్గర పైకి లాక్కుని మెల్లగా కూర్చున్నాడు. చివరిదాకా విన్నాడు. తర్వాత పెట్టెనీ, స్టూలునీ, అమ్మనీ చూశాడు. "అయితే ఇందాక మీకెవరికీ..." అని ఆగిపోయాడు. అమ్మ జంపఖానా అంచులు సవరించడంలో మునిగిపోయింది.

"ఒరేయ్, సోమవారం..." అన్నాడు నాన్న. నేను మనసులోనే టక్ చేసేసుకున్నాను. "సోమవారం ఆ వడ్రంగి దగ్గరికెళ్ళి ఇంకో డబ్బా చేయించు. కింద కూర్చునేవాళ్ళకి."

ఇప్పటికీ ఏ హాలుకి స్పీకర్లు పెట్టడానికి వెళ్ళినా ముందు నేల మీద కూర్చుంటాను. సోఫాల యజమానులు వింతగా చూస్తారు. (కూర్చోవడం నా వంతే, లేపడానికి మాత్రం ఇద్దరు కావాలి.) అమ్మని నేల మీద కూర్చోవద్దన్నాడు డాక్టరు. అందుకని ఆ పాత పెట్టెని మొన్న మళ్ళీ స్టూలెక్కించి, ఆవిడ కుర్చీ ఎత్తుకి సరిచేశాను. ఆదివారం ఆవిడ ఆ పెట్టెలో ప్రసంగం వింటుంటే కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాను. నాకు గుంయ్యి తప్ప ఏమీ వినపడలేదు. తలెత్తి అమ్మ ముఖం చూశాను. మంచి మాటలే అయ్యుంటాయి. ఆమేన్ అన్నాను.